డిక్కీలో హాట్‌డిష్

డిక్కీ తలుపు జానెడు లేచి ఠంగుమని ఆగిపోయింది. కారు వెనక తగిలించిన ట్రెయిలరు ఇంటిని పైకెత్తే జాకీ హ్యాండిల్ దానికి అడ్డం.

వెండెల్ తలుపు మూసి మళ్లీ తెరిచాడు. మళ్లీ ఠంగు. ఇనుముతో మొండికేస్తే లాభం లేదని డెబ్బయ్యేళ్లొచ్చినా ఆయనకు తెలియలేదు.

"నిరుడు శుభ్రంగా తెరుచుకుంది కదా!" అంది ఆయన భార్య లొరెయిన్.

"నిరుడు తగిలించే కడ్డీ పొడుగు. మలుపుల్లో ఊగుతోందని ఈసారి పొట్టిది వేశాను."

"బాగుంది. ఊగడమూ మానింది, తెరుచుకోవడమూ మానింది. పొద్దున ట్రెయిలర్లు దాచే యార్డులోనే ఒకసారి తెరిచి చూడొద్దూ?"

"అక్కడున్న వంద ట్రెయిలర్లలో మనది వెతుక్కునేసరికే పొద్దెక్కిందే తల్లీ!"

సరస్సు ఒడ్డున ఏటా జరిగే హాట్‌డిష్ వంటల పోటీకి గిన్నెలు పన్నెండుకల్లా బల్ల మీద ఉండాలి. ఇంక పద్దెనిమిది నిమిషాలే ఉంది. మూడేళ్లుగా లొరెయిన్‌కి వచ్చింది రెండో బహుమతే. ఈసారి మాంసం, పుట్టగొడుగుల సూపు కలిపి, పైన బంగాళాదుంప ఉండలు పేర్చి, కాల్చి, తువ్వాళ్లు చుట్టి తెచ్చింది. ఆ గిన్నె సందులోంచి కనిపిస్తూనే ఉంది. చెయ్యి దూరుతోంది, గిన్నె మాత్రం రావడం లేదు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

ఇలాంటి విడిదుల్లో ట్రెయిలరు మొరాయిస్తే చాలు, సలహాలు పిలవకుండానే నడిచొస్తాయి. పక్క స్థలంలో దిగిన డ్వేన్ కాఫీ కప్పుతో సహా హాజరయ్యాడు.

"ట్రెయిలరు విప్పేసి కారు ముందుకు జరపవయ్యా."

"చక్రాలకు అడ్డం పెట్టే చెక్కలు కూడా డిక్కీలోనే ఉన్నాయి. ఇక్కడంతా వాలు. అవి లేకుండా విప్పానంటే ట్రెయిలరు చేపలు పట్టడానికి పోతుంది."

"వెనక సీటు మీంచి పాకితే?"

"అక్కడ మడిచిపెట్టిన గాలిపడవ అడ్డం."

"హ్యాండిల్ అటు తిప్పి చూడు."

తిప్పారు. ఎటు తిప్పినా దాని పిడి తలుపుకు తగులుతూనే ఉంది. డ్వేన్ కాఫీ చివరి గుక్క తాగి, "నా దగ్గర ఇనుము కోసే హాక్సా ఉంది" అన్నాడు మెల్లగా.

వెండెల్ నసిగాడు. "నిక్షేపంలాంటి హ్యాండిల్..."

"హ్యాండిల్ ఇంకోటి కొనుక్కోవచ్చు," అంది లొరెయిన్. " నాలుగోసారి కూడా రెండో బహుమతి మోసుకుపోవడం నా వల్ల కాదు. కొయ్యి!"

ఇద్దరూ వంతులేసుకుని కోశారు. హ్యాండిల్ గడ్డిలో పడింది. తలుపు హాయిగా పైకి లేచింది. లొరెయిన్ తువ్వాళ్ల మీద చెయ్యి పెట్టి చూసింది. గిన్నె ఇంకా వేడిగానే ఉంది. సంతోషం పట్టలేక మొగుడి బట్టతల మీద ముద్దు పెట్టింది.

"మన సొమ్ము మనం కోసుకుంటే అడిగేవాడెవడు!" అన్నాడు వెండెల్, రంపం భుజాన వేసుకుని.

ఇంకా ఆరు నిమిషాలుంది. వడ్డించే గరిటె కోసం లొరెయిన్ ట్రెయిలరు దగ్గరికి పరుగెత్తింది. తలుపుకు తాళం వేసి లేదు. "ఇదీ మరిచిపోయాడు" అని సణుక్కుంటూ లోపలికెళ్లింది. సొరుగులన్నీ లాగి చూసింది. తర్వాత గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"గరిటె దొరికింది గానీ వెండెల్, ఈ ట్రెయిలరు ఎవరిది?"