ఎడమ భుజం మీద ఎండ

“హుడ్ ఇంకొంచెం కిందికి లాగండి సార్. బయటిదేదీ కనపడకూడదు,” అంది గంగాభవాని.

కామాక్షయ్య మూతి ముడుచుకున్నాడు, కానీ చూపుకు అడ్డంగా నెత్తిన పెట్టుకున్న ఆ హుడ్ అంచు లాగాడు. లాగక ఏం చేస్తాడు? ఇన్నేళ్ళూ పిల్లలకు పరీక్షలు పెట్టిన ఫ్లయింగ్ స్కూలు పెద్దకే ఈరోజు పరీక్ష. కిటికీ వంక చూడకుండా, ఎదురుగా ఉన్న డయళ్ళలోని ముళ్ళను మాత్రమే నమ్మి విమానాన్ని లేపాలి, దారి పట్టించాలి, మళ్ళీ తెచ్చి దింపాలి. తప్పితే రేపటి కొత్త బ్యాచ్‌కి ఆ పాఠం చెప్పే అర్హత పోతుంది. పాసో ఫెయిలో రాయాల్సింది పక్కసీట్లో ఉన్న భవాని.

రెండు వేల అడుగుల కింద బోగోలు తీరం పొద్దుటి ఎండలో మెరుస్తోంది. అది ఆమె ఒక్కదానికే కనిపిస్తోంది.

లేవడంలో తప్పు లేదు. కృష్ణపట్నం వైపు వెళ్ళి తిరిగి రావడంలోనూ లేదు. ముల్లు వెంట్రుకవాసి కదిలితే ఒట్టు. భవానికి ఒళ్ళు మండిపోతోంది.

“చూసి నేర్చుకో అమ్మాయ్,” అన్నాడు హుడ్ కింద నుంచి.

“మీరు కూచున్న సీట్లో నేనున్నప్పుడే గదా సార్, నన్ను దొంగ అనింది?”

“ఇంకా అదే పట్టుకోని ఉండావా?”

పట్టుకునే ఉంది, పదకొండేళ్ళుగా. ‘అభ్యర్థిని హుడ్ కింద నుంచి తొంగి చూసింది. మోసం.’ ఆయన రాసిన ఆ రెండు ముక్కలు ఆమె ఫైల్లో తిష్ఠ వేసుకుని కూర్చున్నాయి. ఏ విమానాల కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళినా ఆమె కంటే ముందు అవే లోపలికి వెళ్ళేవి. చివరికి పైలట్లకు పరీక్షలు పెట్టే ఈ పనిలో కుదురుకుంది. ఈ పెద్దమనిషి చేత ముక్కు నేలకు రాయించాలని ఆమె అనుకోని రోజు లేదు.

సంచీలోంచి రెండు నల్ల రబ్బరు బిళ్ళలు తీసింది. దిక్కులు చూపే డయల్ మీద ఒకటి, దిక్సూచి మీద ఒకటి అతికించింది.

“రెండూనా?” అన్నాడు కామాక్షయ్య.

“రెండూ చెడిపోయినాయనుకోండి సార్. ఇప్పుడు తూర్పుకు పోతా ఉన్నాం. కుడికి తిప్పి దక్షిణం పట్టండి.”

ఇలాంటప్పుడు ఏం చేయాలో ఆయన ప్రతి బ్యాచ్‌కీ నూరిపోసేదే. స్టాప్‌వాచ్ నొక్కి సెకనుకు మూడు డిగ్రీల చొప్పున తిప్పాలి. ముప్పై సెకన్లు కాగానే ఆపాలి.

విమానం కుడికి ఒరిగింది. కానీ ఆయన వేలు స్టాప్‌వాచ్ మీదికి పోలేదు. భవాని అది చూసింది. కాసేపటికి రెక్కలు సమంగా నిలిచాయి. ఆమె బిళ్ళ అంచు ఎత్తి చూసింది. సరిగ్గా దక్షిణం.

“చాలు సార్. దిగుదాం,” అంది.

దిగి ఆఫీసు గదిలో కూర్చున్నాక, రిపోర్టు ఫారం ముందు పెట్టుకుని పెన్ను మూత తీసింది.

“తొంగి చూసినారు సార్. అదే రాస్తా ఉన్నా.”

కామాక్షయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. “ఒట్టు! నా బిడ్డల మీద ఒట్టు! చూడలేదమ్మా!”

“గడియారం నొక్కలేదు. దిక్కులు చూపేవాటి మీద బిళ్ళలున్నాయి. మరి దక్షిణం ఎట్టా దొరికింది?”

“ఎండ తల్లీ! తూర్పుకు పోయేటప్పుడు ఎండ ఎదురుగా కాళ్ళ మీద పడింది. తిప్పతా ఉంటే జరిగి జరిగి ఎడమ భుజం మీదికొచ్చింది. పొద్దున పూట ఎడమ భుజం మీద ఎండంటే దక్షిణమే గదా!”

“ఈ మాట ఎవరు చెప్పినారు సార్ మీకు?”

ఆయన ఫారం మీదికి చెయ్యి చాపితే ఆమె దాన్ని తన వైపు లాక్కుంది.

“నేనే చెప్పినా,” అంది భవాని. “మా నాయన ఆదెయ్య సముద్రంలో పడవ తిప్పేది ఇట్టానే అని ఇదే గదిలో ఏడస్తా చెప్పినా. చేపలు పట్టే తెలివి ఈడ చూపించొద్దన్నారు. మోసం అని రాసినారు.”

“ఆ సాయంత్రమే నేనూ హుడ్ పెట్టుకోని చూసినా. నువ్వు చెప్పింది నిజమేనని తెలిసింది.”

“తెలిసీ మార్చలేదా?”

“అప్పటికే స్కూలంతా చెప్పేసి ఉన్నా. మాట వెనక్కి తీసుకుంటే పిల్లోళ్ళ దగ్గర నా పరువేం గావాల?”

భవాని తెల్లకాగితం ఒకటి ఆయన ముందుకు తోసింది.

“అయితే రాయండి. అప్పుడు నేను తొంగి చూడలేదని, ఈరోజు మీరూ తొంగి చూడలేదని. ఎట్టా తిప్పినారో అంతా వివరంగా రాసి సంతకం పెట్టండి. మీ మీద మోసం అనే మాట రాయను.”

కామాక్షయ్య బతుకుజీవుడా అనుకుని గబగబా రాశాడు. కాళ్ళ మీది ఎండ, భుజం మీది ఎండ, నొక్కని గడియారం, ఏదీ వదల్లేదు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, స్కూలు ముద్ర కూడా కొట్టి ఇచ్చాడు.

భవాని రెండుసార్లు చదువుకుంది. పదకొండేళ్ళ మచ్చ ఒక్క కాగితంతో పోయింది. కళ్ళు తుడుచుకుంది.

“ఆ పొద్దు మోసం అనకుండా, జరిగింది జరిగినట్టు రాసుంటే చాలుండేది సార్. ఫెయిలైనా తలొంచుకోని పోయుండేదాన్ని.”

“నిజమే తల్లీ. జరిగింది జరిగినట్టే రాయాలి,” అన్నాడు కామాక్షయ్య, నుదుటి చెమట తుడుచుకుంటూ.

భవాని ఆ కాగితాన్ని రిపోర్టుకు పిన్ను చేసి, రాయడం మొదలుపెట్టింది:

‘అభ్యర్థి తొంగి చూడలేదు. ముళ్ళనూ గడియారాన్నీ వదిలేసి ఎండను నమ్ముకున్నారు. ఫెయిల్. సాక్ష్యం: వారే స్వయంగా రాసి ఇచ్చినది, జతపరచడమైనది.’