కీపౌట్

బేతంచెర్ల దగ్గరి నాపరాయి గని యజమాని ఓబుళేశు, కోయిలకుంట్ల నుంచి బోర్డులు రాసే శామ్‌ను హడావుడిగా పిలిపించాడు. గని ముందు కొత్తగా పాతిన రేకు మీద ఇంగ్లీషులో హెచ్చరిక రాయాలన్నాడు.

“‘బీ కేర్‌ఫుల్’ అందామా, ‘బివేర్’ అందామా? సదువుకున్నోనివి, నువ్వే చెప్పప్పా.”

గనిలో ఇంగ్లీషు చదివే కూలీలున్నారు కాబోలని శామ్ లోలోపల నవ్వుకున్నాడు.

“బీ కేర్‌ఫుల్ అంటే పో, కానీ పైలంగా పో అని సార్. బివేర్ అంటే ఈడ అపాయముండాది, సూసుకో అని. కీపౌట్ అంటే అసలు కాలే పెట్టొద్దని.”

ఓబుళేశు ముఖం వెలిగింది. “అదే రాయి. కాలు పెట్టినోనిదే తప్పయితాది.”

శామ్ ఎర్రరంగుతో రాశాడు.

“కింద పోయిన సంవత్సరం తేదీ ఎయ్యి. పైన రోంత దుమ్ము సల్లు. ఆఫీసర్లు వస్తాండారు. నిన్న బండ పడి సచ్చినోడు ఈ బోర్డు సూసి గూడా దిగినాడని చెప్పల్ల.”

శామ్ కుంచె ఆగిపోయింది. “ఆయప్పకు ఇంగ్లీషు వచ్చునా సార్?”

“వానికా? ఏలిముద్ర గాడు. ఇప్పుడు లేచొచ్చి సదువుతాడా ఏంది?”

శామ్ ఓబుళేశును ఎగాదిగా చూశాడు. బోర్డు కింద ఆ రోజు తేదీనే జానెడు అంకెలతో రాసి, కుంచె కడుక్కున్నాడు.

“ఏందిరా ఇది?” అంటూ ఓబుళేశు తుడిచేయడానికి ఉరికాడు. అప్పటికే ఆఫీసర్ల జీపు గని ముందు ఆగింది.

“ముట్టుకోవద్దు సార్,” అన్నాడు శామ్. “ఇంకా పచ్చిగా ఉండాది. చేతులకు అంటుతాది.”