డొల్ల నాడె

వీధిలో నేతగాళ్లందరి నడుములకూ నూలిచ్చే కంపెనీ ఉచితంగా వెన్నుపట్టీలు కట్టి ఏడాదైంది. ఎముక పక్కకు జరిగితే పట్టీయే కటుక్కున సర్దుతుంది. గుంటమగ్గంలో కూర్చుని కూర్చుని తెచ్చుకున్న సయాటికా నొప్పి, కోటిలింగానికి ఇప్పుడు మగ్గం నేస్తున్నంతసేపూ ఉండటం లేదు. మంచమెక్కితే మాత్రం పిర్ర నుంచి మడమ దాకా నరం లాగేస్తోంది.

"కూర్చుంటే పెరగాల్సిన నొప్పి పడుకుంటే పెరగడవేంటయ్యా?" అంది భార్య త్రిపురమ్మ.

"పట్టీకి తెలీనిది నీకు తెలుసా? ఊరుకోవే," అన్నాడతను మూలుగుతూ.

ఆవిడ ఊరుకోలేదు. వెళ్లి మగ్గంలో కూర్చుంది. గుడ్డ పాడవకుండా, పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడెలోంచి నూలు చుట్టిన కండె తీసేసి, ఉత్త నాడెనే ఆడించింది. మంచం మీద పట్టీ కటుక్కుమంది. మూలుగు ఆగింది. ఆవిడ చెయ్యి ఆపగానే మళ్లీ మొదలైంది.

"దీని దుంపతెగ! మగ్గం చప్పుడు వింటోందయ్యా ఇది. విప్పి అవతల పారెయ్!"

"విప్పితే కంపెనీవాళ్లు నూలివ్వరే," అన్నాడు కోటిలింగం నీరసంగా.

త్రిపురమ్మ మళ్లీ నాడె ఆడించింది. కాసేపటికి అతనికి కునుకు పట్టింది.

పక్కింటి మగ్గం కూడా ఆడుతోంది. ఎదురింటిదీ ఆడుతోంది. ఇంత ఎండలో కూడా నేస్తున్నారే అని రోజూ కుళ్లుకునేది ఆవిడ. ఇవాళ చెయ్యి ఆపకుండానే చెవి పెట్టి వింది.

కండె ఉన్న నాడె బరువుగా చప్పుడు చేస్తుంది. వీధి వీధంతా తన ఉత్త నాడెలాగే డొల్లగా మోగుతోంది.