కుడి మూల మెరుపు

గ్లాసు ఒరిగి నీళ్ళు కీబోర్డు దాకా పారాయి.

"కళ్ళు కనబడట్లేదా అమ్మా?" ఎడిటర్ కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

"క్షమించండి బాబూ. అందుతుందనుకున్నా." ఆమె చేతిరుమాలుతో తుడవబోయింది.

నడివయసు మనిషి. స్టూడియో యజమాని పేరు చెప్పి పొద్దున్నే వచ్చింది. యజమానేమో ఊళ్ళో లేడు. కూర్చోబెట్టడానికి ఇంకెక్కడా చోటు లేక ఎడిటింగ్ గదిలో ఓ మూల కుర్చీ వేశారు. ఎందుకొచ్చిందో అడిగే తీరిక అతనికి లేదు.

అసలే కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది అతని పని. సాయంత్రానికి సినిమా అప్పజెప్పాలి. తన పేరుతో రాబోతున్న మొదటి సినిమా. లేకపోతే అది ఇంకొకడి చేతికి పోతుంది. ఎవరూ కదిలించకూడదని ఫోన్ కూడా కట్టేసి కూర్చున్నాడు.

చివరి ఘట్టం ఇంకా కూర్చలేదు. మానిటరేమో మొన్నటి నుంచీ మొరాయిస్తోంది. కుడి మూల ఉండుండి మెరుస్తోంది.

టెక్నీషియన్ బల్ల కింద నుంచి తల బయటపెట్టాడు.

"కేబుల్ మార్చాను, చూడండి సార్."

"మెరుస్తూనే ఉంది."

"నాకేం కనబడట్లేదే!"

"నీకెలా కనబడుతుందయ్యా? ఏళ్ళ తరబడి తెరలు చూసిన కన్నిది."

"అయితే రిజల్యూషన్ తేడా అయ్యుంటుంది."

మార్చాడు. అక్షరాలు ఉబ్బాయి, నాయిక మొహం అడ్డంగా సాగింది. మెరుపు మాత్రం పోలేదు. మళ్ళీ మానిటర్‌కి తగిన రిజల్యూషనే పెట్టాడు.

"రిఫ్రెష్ రేటు, అదే తెర మీద బొమ్మ మారే వేగం, పెంచి చూద్దాం."

తెర నల్లబడింది.

"నా సినిమా!" ఎడిటర్ చెయ్యి కీబోర్డు మీదికి పోయింది.

"ఏదీ నొక్కకండి సార్! నొక్కితే అదే ఖాయమైపోతుంది. ఆ వేగం ఈ మానిటర్ తట్టుకోలేదు. ముట్టుకోకుండా కూర్చుంటే తనే పాత రేటుకి వచ్చేస్తుంది."

వచ్చింది. మెరుపూ వెంటే వచ్చింది.

టెక్నీషియన్ చివరికి పక్క గదిలో మానిటర్ తెచ్చి తగిలించాడు. అందులోనూ అదే మెరుపు.

"సార్, ఏమీ అనుకోకండి. మీకు ముందు ఇక్కడ ఒకావిడ ఉండేదట. నేను చేరకముందు. రోజూ మానిటర్ మీదే గొడవట. కొత్తది కొనిచ్చినా పని మధ్యలో వదిలేసి పోయిందట. మానిటరమ్మ అని పేరు పెట్టారు. ఇప్పుడు మానిటరయ్య వచ్చాడని బయట నవ్వుకుంటున్నారు."

"నన్ను ఆవిడతో పోలుస్తావా? ఆడలేక మద్దెల ఓడన్న రకం ఆవిడ."

మూల కూర్చున్న మనిషి లేచి దగ్గరికి వచ్చింది.

"బాబూ, కుడికన్ను మూసుకుని ఒకసారి చూడండి."

"ఏంటీ?"

"ఒక్కసారి."

ఆమె నోరు మూయించడానికే కన్ను మూశాడు. మెరుపు మాయమైంది.

ఎడమకన్ను మూశాడు. మెరుపు మళ్ళీ వచ్చింది. దాని కింద మసిలాంటి నీడ కూడా ఉంది. గోడవైపు చూశాడు. నీడ గోడ మీదికి వచ్చింది.

అతను చటుక్కున రెండు కళ్ళూ తెరిచాడు.

"ఇప్పుడే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఆ నీడ పైకి పాకకముందే."

"నిద్ర లేదు, అంతే. సాయంత్రం పని అయ్యాక చూపించుకుంటా."

"సాయంత్రం దాకా ఆగదు బాబూ. ఆ తెర యంత్రం కాబట్టి ఊరుకుంటే వెనక్కొచ్చింది. కన్ను రాదు. మీరు వెళ్ళండి. ఆ చివరి ఘట్టం నేను కూర్చి పెడతా."

"మీరా? గ్లాసు తిన్నగా అందుకోలేరు గానీ, నా సినిమా కూర్చిపెడతారా?"

టెక్నీషియన్ కిసుక్కున నవ్వాడు.

"నేను ఇంతకు ముందు..."

"అమ్మా, మీకు దండం పెడతా. బయట కూర్చోండి."

 ఆమె బయటికి నడిచింది. నడుస్తూ కుడిభుజం తలుపుకి కొట్టుకుంది.

"చూసుకుని నడవండి!" ఎడిటర్ అరిచాడు.

భయం వేసింది అతనికి. నిజంగానే వేసింది. కానీ భయం కంటే సినిమా పెద్దదనిపించింది.

సాయంత్రానికి సినిమా అప్పజెప్పాడు. చూసినవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కొడుతున్న వాళ్ళలో సగం మందిని నీడ మింగేసింది.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టర్ చాలాసేపు పరీక్ష చేశాడు.

"కంటి లోపలి పొర ఊడిపోయింది. నిన్న పొద్దున్నే వచ్చుంటే చూపు నిలబెట్టేవాళ్ళం. ఆపరేషన్ చేస్తాం గానీ, మునుపటి చూపు మాత్రం రాదు."

యజమాని ఊరి నుంచి తిన్నగా ఆస్పత్రికే వచ్చాడు.

"నీ ఫోనుకేమైందయ్యా? ఎన్నిసార్లు చేశాను! ఆవిడ వచ్చిందా?"

"ఎవరో వచ్చారు సార్. మీ కోసం."

"నా కోసం కాదు, నీ కోసం. మొన్న ఫోన్లో మాటల మధ్య ఆవిడకి నీ మెరుపుల గోల చెప్పాను. తనెందుకు మానేసిందో అప్పుడు చెప్పింది, అన్నాళ్ళూ నాకూ తెలీదు."

ఎడిటర్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఎవరు సార్ ఆవిడ?"

యజమాని తలవంచుకున్నాడు.

"'నాలాగే పని అయ్యాక చూపించుకుందాం అనుకుంటాడు, నేనే వెళ్ళి లేపి పంపిస్తా' అని పరుగున వచ్చింది... ఆ కుర్చీలోనే కుడికన్ను పోగొట్టుకున్న మన మానిటరమ్మ."