నక్క కట్టిన జత

రాజావారి పాత తోటబంగళాలో ఐకమత్యం నేర్పుతానని నక్క కోళ్లనీ మేకల్నీ బండెక్కించింది. లాగింది మాత్రం ముసలి పుల్లెద్దూ, మైలెద్దూ. తవుడు దగ్గర తగువై వాటికి ఎండాకాలం నుంచీ మాటల్లేవు.

బంగళా చేరాక, ఒకదాని కాలు ఇంకోదాని కాలికి కడతాను, కలిసి పరుగెత్తండి అంది నక్క ఎద్దులతో.

"నేను దాపటెద్దుని. ఎడమపక్కే కట్టు," అంది పుల్లెద్దు.

"ఎటైతే ఏం తాతా!" అని నక్క కుడిపక్క కట్టింది. రెండూ బొక్కబోర్లా పడ్డాయి. కోళ్లు విరగబడి నవ్వాయి.

"మీకు పొత్తు లేదు. రేపే జత విడగొడతా," అంది నక్క. పుల్లెద్దుకి తల కొట్టేసినట్టయింది.

తిరుగుదారిలో బండి బురదలో దిగబడింది. కాడి కింద ఎప్పటిలా దేని వైపున అది ఉన్న ఎద్దులు ఒక్క ఊపున లాగాయి. చక్రం సగం పైకొచ్చింది.

"చూశారా, నా ఆటల మహిమ!" అంది నక్క.

రెండూ ఠక్కున ఆగిపోయాయి. మైలెద్దు ఇన్నాళ్లకి నోరు విప్పింది.

"వీళ్లని దిగి తొయ్యమందామా?"

"అందాం. తవుడు సంగతి మాత్రం మర్చిపోను," అంది పుల్లెద్దు.