రెండో దారి

“సర్వరు వెనకవైపు కింది వరసలో విడిగా ఒక పోర్టు ఉంటుంది చూడు మామయ్యా. దాని పక్కన లైటు వెలుగుతోందా?”

“వెలగడమేంటి, కన్ను కొడుతోంది,” అన్నాడు మామయ్య ఫోన్లో. “కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఇందాకట్నుంచి దాని కోసమే వెతుకుతున్నా.”

ఆమెకు నవ్వు రాలేదు. లైటు వెలుగుతోందంటే కేబులు బాగానే ఉంది.

ఆమె హెడ్డాఫీసులో ఇంజనీరు. అదే కంపెనీకి ఊరి చివర పాత గోదాములో సర్వర్ల గది ఒకటి ఉంది. దాన్ని చూసుకునేది మామయ్య. ఏ సర్వరైనా బిగుసుకుపోతే ఎవరో ఒకరు వెళ్లి బటన్ నొక్కాలి. వానైనా, సెలవైనా, ఆ వెళ్లేది మామయ్యే. నిజానికి ప్రతి సర్వరుకూ రెండో దారి ఒకటి ఉంటుంది. అసలు మిషను ఆగిపోయినా, ఆ దారిన లోపలికి వెళ్లి దూరం నుంచే దాన్ని లేపవచ్చు. ఆ దారులన్నీ తెరిచే పని ఆమెకు అప్పగించారు. అన్నీ తెరుచుకున్నాయి. ఇదొక్కటే మొండికేసింది.

ఈ విద్య ఆమెకు నేర్పింది కూడా మామయ్యే. చదువయ్యాక ఏం చెయ్యాలో తోచక దిగాలుగా కూర్చుంటే, పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో వైరూ చూపించాడు. “ఊహించకు, చూడు. చూశాకే మాట్లాడు,” అనేవాడు.

మేనేజరు వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. “అదొక్కటేగా మిగిలింది? ఇవాళ అయిపోవాలి. పైవాళ్లు అడుగుతున్నారు.”

“చూస్తున్నాను సార్.”

ఆయన వెళ్లేదాకా ఆగి, ఫోన్లో మెల్లగా అడిగింది. “అత్తయ్య ఎలా ఉంది?”

“అలాగే ఉంది. మధ్యాహ్నం వెళ్లి నాలుగు ముద్దలు తినిపించి, పక్కకి తిప్పి పడుకోబెట్టి వచ్చా. ఇల్లు పక్క వీధే కాబట్టి జరిగిపోతోంది. అది సరే, పాస్‌వర్డ్ అడుగుతోందా?”

“అసలు పేజీయే నిలవడం లేదు. వచ్చినట్టే వచ్చి పోతోంది.” ఆమె కాస్త తటపటాయించింది. “లోపల బోర్డు పోయుంటుంది మామయ్యా. పోయిందనే రాసేస్తాను. కొత్తది తెప్పించేసరికి నెలలు పడుతుంది. నువ్వు లే, ఎంతసేపని అలా వంగుంటావు?”

“లైటు నా కళ్లముందు కొట్టుకుంటుంటే పోయిందంటావేంటి? బతికున్నదాన్ని చచ్చిందని రాస్తే రేపు ఇంకొకడు వచ్చి చూస్తాడు. చెడ్డపేరు నీకు. సరిగ్గా చూడు.”

“నీ మోకాళ్లు...”

“నా మోకాళ్ల సంగతి నాకొదిలెయ్. నీ పని చూసుకో.”

ఆమె మళ్లీ చూసింది. ఒకే నెట్‌వర్క్ అడ్రసు నుంచి ఓసారి ఒక మిషను, ఓసారి మరో మిషను జవాబిస్తున్నాయి. కారణం తెలిసిపోయింది. కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“ఏం దొరికింది?” అన్నాడు మామయ్య.

“ఏం లేదు.”

“దొరికింది. నువ్వు నోరు మెదపలేదంటే దొరికినట్టే. చిన్నప్పట్నుంచీ నీ సంగతి నాకు తెలీదా?”

ఆమె నిట్టూర్చింది. “ఆ గదిలో ఈమధ్య కొత్తగా ఏమైనా పెట్టారా?”

“తలుపు మీద కెమెరా. పోయిన వారం మీవాళ్లే బిగించి వెళ్లారు.”

“దానికీ దీనికీ ఒకే అడ్రసు ఇచ్చారు. రెండూ కొట్లాడుకుంటున్నాయి.”

“అంతేనా? అయితే కెమెరా వైరు పీకుతున్నా.”

“ఉండు మామయ్యా, ఇంకోసారి ఆలోచిద్దాం.”

అప్పటికే పీకేశాడు. స్క్రీను మీద పేజీ నిలకడగా తెరుచుకుంది. ఆమె పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లింది.

“ఆపి మళ్లీ లేపి చూడు,” అన్నాడు మామయ్య. “నేను ముట్టుకోను. చేతులు కట్టుకుని నిలబడ్డా.”

నొక్కింది. ఫోన్లో ఫ్యాన్ల హోరు సన్నగిల్లి, ఆగి, మళ్లీ అందుకుంది.

“లేచింది. భలే పట్టావమ్మా. నేనైతే రేపటిదాకా తల గోక్కునేవాణ్ణి.” ఆ గొంతులో గర్వం విని ఆమె కళ్లు మూసుకుంది.

కెమెరాకు వేరే అడ్రసు ఇచ్చాక మామయ్య వైరు మళ్లీ పెట్టాడు. ఆమె స్క్రీను మీద ఆ గది కనిపించింది. గొడుగూ, క్యారేజీ గిన్నెలూ సంచిలో సర్దుకుంటున్నాడు. సర్వరు బీరువా తలుపు మూసి, దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు.

“సాయంత్రం ఇంటికొస్తాను మామయ్యా. నీతో ఒక మాట చెప్పాలి.”

మామయ్య తలెత్తి కెమెరా వైపు చూశాడు.

“ఇక ఇక్కడ మనిషి అక్కర్లేదుగా, తాళాలు ఎవరికివ్వమన్నారమ్మా?”