రేవు పాట

మూడింటికి రేవు పాట. అది ముగిసేదాకా బుల్లియ్య ఆ గదిలోంచి కదలడానికి వీల్లేదు.

పంచాయతీ ఆఫీసు వెనకాల బ్లీచింగ్ పౌడరు బస్తాలు పెట్టే గది అది. కిటికీ లేదు. కళ్లు మండిపోతున్నాయి. తుమ్ము వస్తే తువ్వాలు నోట్లో కుక్కుకుంటున్నాడు. ఫోను స్విచాఫ్ అయి పడి ఉంది. అరిస్తే వినడానికి గోడ అవతల ఊరు ఊరంతా ఉంది. కానీ అందరికన్నా ముందు వినేది పోతురాజు, చంద్రరావు మనిషి. పొద్దున్నే బుల్లియ్యను ఇంటి దగ్గర బండెక్కించుకుని తీసుకొచ్చింది అతనే.

ఆ లంకకి పడవ తప్ప దారి లేదు. రేవును ఏటా పంచాయతీ వేలం వేస్తుంది, ఏటా చంద్రరావే పాడుకుంటాడు. పాడుకున్నవాడు చెప్పిందే రేటు. కిందటి వానాకాలం చేపల తట్టకి కూడా టిక్కెట్టు పెట్టాడు. బుల్లియ్య తల్లి తలుపులమ్మ ఇవ్వనంటే తట్టతో సహా పడవలోంచి దించేశారు. చీకటి పడేదాకా ముసలిది వానలో నిలబడింది. ఆ సంగతి తల్చుకుంటే బుల్లియ్యకి ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఈసారి పాటకి బుల్లియ్య పేరున కూడా ధరావతు కట్టి ఉంది. ఊళ్లో అది విని నమ్మనివాళ్లే ఎక్కువ. తండ్రి పోయినప్పుడు కట్టెల దగ్గర్నుంచి కర్మల దాకా చూసింది ఆ చంద్రరావే మరి. అలాంటి మనిషికి అడ్డం తిరిగితే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని ఊరు ఉమ్మేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నిన్న సాయంత్రం చంద్రరావు అతని భుజం మీద చెయ్యేశాడు.

"రేపు పాట దగ్గర ఏం చెయ్యాలో తెలుసుగా, బుల్లియ్యా?"

"తెలుసండి."



మైకు గరగరలాడింది. సెక్రటరీ ఉదయభాస్కర్ నిబంధనలు చదువుతున్నాడు. ధరావతు కట్టినవాళ్లే పాడాలి, పంచాయతీకి బాకీ ఉన్నవాళ్లు పనికిరారు, కనీసం ముగ్గురు లేకపోతే పాట చెల్లదు, అప్పుడు రేవును పంచాయతీయే నడపాలి, అదీ పాత రేటుకే. ఏటా చదివేదే, ఏటా ఎవరూ విననిదే.

తర్వాత పేర్లు పిలిచాడు. చంద్రరావు గట్టిగా పలికాడు. రెండో పేరుకి అతని మనిషే ఇంకొకడు పలికాడు.

"బుల్లియ్య గారు... బుల్లియ్య గారు ఎక్కడున్నా రావాలండి."

బుల్లియ్య తువ్వాలు మళ్లీ నోట్లో కుక్కుకున్నాడు.

తలుపు అవతల చెప్పుల చప్పుడు ఆగింది. పోతురాజు తలుపును ఓసారి నెట్టి చూశాడు. గట్టిగానే ఉంది. వెళ్లిపోయాడు.

మైకులో అతని పేరు మళ్లీ వినిపించింది. మగాడైతే రావాలిగా అని ఎవరో నవ్వారు. బుల్లియ్య మోకాళ్ల మధ్య తల దూర్చుకుని సిగ్గుతో ఏడ్చాడు.

చివరికి సెక్రటరీ గొంతు సవరించుకుని, కనీసం ముగ్గురైనా హాజరు కానందువల్ల పాట రద్దయిందన్నాడు. చేపలమ్మే ఆడవాళ్ల మధ్య ఒక్కసారిగా గోల రేగింది.

తాను ధరావతు కట్టి నిలబెట్టిన మూడో మనిషి కోసం చంద్రరావు ఊరంతా గాలిస్తుండగా, ఆ మూడో మనిషి లోపలినుంచి తనే పెట్టుకున్న గడియను చప్పుడు కాకుండా తీశాడు.